ఆ మ్యాచ్ ఓడింది సార్ కాదు

మా సార్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న తెలిసింది. ఆఫీసుకు వెళ్తూ పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేని మా పాత ఇన్‌స్టిట్యూట్ వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. తీసి చూశాను. "ఓటమిని చిరునవ్వుతో స్వీకరించడం నేర్పిన మన రోబోటిక్స్ సార్ ఇక లేరు" అని ఉంది. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

చిరునవ్వట! ఓడిపోయిన రోజు మా సార్ అన్నం ముట్టేవారు కాదు. ఎవరైనా ఓదార్చబోయి "పోనీలెండి సార్, పార్టిసిపేట్ చేశాం కదా" అంటే ఎగిరిపడేవారు. "పార్టిసిపేట్ చేసేది పెండ్లి బారాత్‌ల. ఈడికి గెలువనీకొచ్చినం" అనేవారు. అలాంటి మనిషిని, పోయి పూట గడవకముందే, ఓడిపోవడంలో గొప్పవాణ్ణి చేసి పెట్టారు. పోయినవాళ్ళు తిరిగి మాట్లాడలేరు కదా, ఏదంటే అది అనొచ్చు.

ఆయనకు ఈ పేరు ఒకే ఒక్క మ్యాచ్ వల్ల వచ్చింది. ఆ మ్యాచ్‌లో రోబో రిమోట్ నా చేతిలో ఉంది. కాబట్టి ఇది ఆయన్ని పొగడడానికి రాస్తున్నది కాదు. ఒక స్కోరు తప్పు పడింది, దాన్ని దిద్దాలి. దిద్దాల్సినదాన్ని నేనే.

అప్పట్లో నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. మాది తణుకు. ఎస్.ఆర్. నగర్‌లో అమ్మాయిల హాస్టల్లో ఉండేదాన్ని. సాయంత్రాలు నడుచుకుంటూ అమీర్‌పేట్ వచ్చి, ఎలక్ట్రానిక్స్ నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌కి పోయేదాన్ని. మైత్రీవనం చుట్టుపక్కల ఏ మేడ చూసినా ముందు గోడ కనిపించేది కాదు, బోర్డులే కనిపించేవి. నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు పాంప్లెట్లు పడేవి. అందరూ వాటిని నలిపి పారేసేవాళ్ళు. మా సార్ మాత్రం ఏరుకొచ్చేవారు. ఒకవైపు ఖాళీగా ఉండే ఆ కాగితాలను దస్తాగా పెట్టి, సంచులు కుట్టే దారంతో కుట్టుకుని, వాటి మీదే మా స్కోర్లన్నీ రాసేవారు. ముందువైపు 'నూటికి నూరు శాతం ఉద్యోగం', వెనకవైపు మేము ఓడిన తీరు.

ఆయనది బల్కంపేట. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు టెక్నీషియన్‌గా చేశారు. ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ముందుగానే రిటైరై, మా ల్యాబ్‌లో చేరారు. డిగ్రీ లేదు కాబట్టి డైరెక్టర్ గారు ఆయన్ని ఎవరికి పరిచయం చేసినా "మా ల్యాబ్ అసిస్టెంటండి" అనేవారు. మాకు మాత్రం మొదటి రోజు నుంచీ సారే. మోటారును చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. దానికున్న రోగమేమిటో మీటర్ పెట్టకముందే చెప్పేసేవారు. మేము వెంటనే మీటర్ పెట్టి చూసేవాళ్ళం, ఆయన ఒక్కసారైనా తప్పు చెప్తారేమోనని. నేనున్న రెండేళ్ళలో రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ మీటరే పాడైందని వాదించారు.

ల్యాబ్‌లో ఒక క్యారమ్ బోర్డు ఉండేది. ఫ్యాక్టరీలో ఆయన ఛాంపియన్. నేను చేరిన రోజే నన్ను కూర్చోబెట్టి, ఒక్క పాయింటు కూడా రానీయకుండా ఓడించారు. ఆడపిల్లను, కొత్తగా వచ్చినదాన్ని అన్న మొహమాటం ఏమీ లేదు. మధ్యలో ఒకసారి, ఎవరూ చూడకపోయినా, "తగిలింది, ఫౌల్" అని తానే చెప్పి, తను గెలుచుకున్న కాయిన్ తీసి బోర్డు మధ్యలో పెట్టారు. ఆ తర్వాతి దెబ్బకు నన్ను మళ్ళీ చితక్కొట్టారు. ఆట అయ్యాక అడిగారు.

"నీకెన్నొచ్చినయ్ బిడ్డా?"

"సున్నా సార్."

"నాకెన్ని?"

"చూసుకోలేదు సార్."

"గదే నీ తప్పు. నీ లెక్క నీకెర్కనే ఉంటది. ఎదుటోని లెక్క ఎర్కుంటెనే ఆట ఆడినట్టు."

నా చేతికి నిలకడ ఉందని కనిపెట్టి, రోబో నడిపే పని నాకిచ్చారు. అప్పటి నుంచి నా పేరు పోయి 'డ్రైవరమ్మ' మిగిలింది. బోరబండ నుంచి వచ్చే శ్రీకాంత్ మిషన్ కట్టేవాడు, పద్మజ ప్రోగ్రామ్ రాసేది. మా ముగ్గురిదే జట్టు. కారు వైపర్ మోటార్లు, అల్యూమినియం ముక్కలు, ముందు ఒక పట్టకారు లాంటిది, వెనక పొడుగాటి వైరు, ఆ వైరు చివర నా రిమోట్. అదీ మా రోబో.

నగరంలో విద్యార్థుల రోబో పోటీలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్నాయి. మేము వెళ్ళే పోటీలో ప్లైవుడ్ బల్ల మీద రెండు జట్ల రోబోలు ఎదురెదురుగా దిగేవి. మూడు నిమిషాల్లో బల్ల మీద పరిచిన టెన్నిస్ బంతులు ఎవరి డబ్బాలో వాళ్ళు వేసుకోవాలి. బంతికి ఒక పాయింటు. నల్ల బంతి ఒక్కటే ఉండేది, దానికి మూడు. ఆరు మ్యాచులయ్యాక పైనున్న నాలుగు జట్లు ఫైనల్ రోజుకి వెళ్తాయి. ఇంత వరకు ఎవరికైనా అర్థమవుతుంది.

మాకూ ఇంత వరకే అర్థమైంది. అదీ మా కొంప ముంచింది. సార్ మాకు రూల్ బుక్ ఇచ్చి, "మిషిన్ తర్వాత. ముందు గిది మూడుసార్లు సదువుండ్రి" అన్నారు. మేము రోబో బరువెంత ఉండాలి, పొడవెంత ఉండాలి అన్న పేజీలు చదివి, చివరి పేజీ ర్యాంకుల గురించి కాబట్టి నిర్వాహకులకు సంబంధించిందనుకుని వదిలేశాం. చదివారా అని అడిగితే, చదివామని తలూపాం. ఆ మొదటి ఏడాది ఆరింట్లో అయిదు గెలిచాం. గెలవడమంటే అలా ఇలా కాదు, మా పదిహేను పాయింట్లు అయిపోగానే రోబోను తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ డబ్బాకు అడ్డంగా నిలబెట్టి, వాళ్ళను రెండు మూడు పాయింట్ల దగ్గరే తొక్కిపట్టేదాన్ని. విరగబడి నవ్వుకున్నాం కూడా. తీరా చూస్తే మా పేరు అయిదో స్థానంలో ఉంది.

ఆ చివరి పేజీలో ఏముందంటే, గెలుపులు సమానమైన జట్లలో ఎవరు ముందు అన్నది, వాళ్ళ చేతిలో ఓడినవాళ్ళు ఆ మ్యాచుల్లో తెచ్చుకున్న పాయింట్లను కలిపి చూసి తేలుస్తారు. అంటే బలహీనుల మీద పడి తొక్కి గెలిస్తే నీకు మిగిలేదేమీ లేదు. బాగా ఆడిన జట్టు మీద గెలిస్తేనే పైకి పోతావు. మేము మా ఎదుటివాళ్ళను తొక్కుతూ, నిజానికి మమ్మల్నే తొక్కుకున్నాం.

ఆ రోజు సార్ మమ్మల్ని తిట్టలేదు. క్యారియర్ తెరవకుండా అలాగే ఇంటికి తీసుకెళ్ళిపోయారు. మర్నాడు ల్యాబ్‌లో పద్మజ చేత ఆ పేజీ పైకి చదివించారు. చదవగానే మళ్ళీ చదవమన్నారు. అలా ఎన్నిసార్లో. మాకు సిగ్గేసి, తర్వాత విసుగేసి, చివరికి కంఠతా వచ్చింది.

"గీ రూలు రాసినోడు మస్తు తెలివైనోడు" అన్నారు అప్పుడు. "ఎదుటోడు ఆడకపోతే నువ్వు గెలిసినట్టు కాదు, ఖాలీగ నిలవడ్డట్టు. గా ముచ్చట పాయింట్లల్ల రాసిండు."

మరుసటి ఏడాదంతా మేము నేర్చుకున్నది ఎదుటివాళ్ళకు పాయింట్లు వేసి గెలవడం. బయటివాళ్ళకు ఇది పిచ్చిగా అనిపించేది. ల్యాబ్ నేల మీద చాక్‌పీసుతో బల్ల గీసి, రెండు అట్టపెట్టెలు పెట్టి ఆడేవాళ్ళం. ఆట మధ్యలో సార్ ఉన్నట్టుండి "ఆగు!" అని అరిచేవారు. "మనకెంత? వాళ్ళకెంత?" చూడకుండా చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళు కిందికి దిగి, ఇరానీ హోటల్ నుంచి అందరికీ చాయ్ తేవాలి. ఆ ఏడాది నేను ఎక్కిన మెట్లకు లెక్కలేదు. ముందు మన పాయింట్లు పద్దెనిమిది కావాలి, అంటే బల్ల మీదున్న మొత్తంలో సగానికి పైన. అయ్యాకే ఎదుటివాళ్ళ డబ్బాలో ఎన్ని పడ్డాయో చూసి, తక్కువైతే మన చేత్తో వెయ్యాలి. అదీ ఆయన వేసిన వరస. "ముందు మన కుండ నింపుకో, ఎన్క దానం చెయ్" అని శ్రీకాంత్ అంటే సార్ ఒప్పుకోలేదు. "దానమనకు. మన పని కొరకే ఏస్తున్నం. దానమంటే నీకు గర్వమొస్తది" అన్నారు.

ఎంత సరిగ్గా చెప్పారో నాకు ఆ తర్వాత గానీ తెలియలేదు.

ఆ ఏడు పోటీ పంజగుట్టలో ఒక పెద్ద హాల్లో జరిగింది. మేము చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి లెక్క ఇలా ఉంది. ఆ మ్యాచ్ గెలవాలి, ఎదుటివాళ్ళకు కనీసం పది పాయింట్లు రావాలి. రెండూ జరిగితే ఫైనల్. ఎదుట ప్రభుత్వ పాలిటెక్నిక్ అమ్మాయిల జట్టు. వాళ్ళ కెప్టెన్ పేరు స్వప్న. ఆటకు పది నిమిషాల ముందు వాళ్ళ రోబో నుంచి పొగ వచ్చింది. ఒక చక్రం మోటారు కాలిపోయింది. నిర్వాహకులు గడియారం చూపించి, అయిదు నిమిషాల్లో బల్ల మీదికి రాకపోతే ఆడకుండానే మాకు గెలుపు ఇచ్చేస్తామన్నారు.

డైరెక్టర్ గారు సంతోషంతో చేతులు రుద్దుకున్నారు. పత్రికలో ప్రకటన వేయించాలని ఫోటో తీసే మనిషిని కూడా వెంట తెచ్చుకున్నారాయన. సార్ మాత్రం అప్పటికే మా పెట్టె తెరిచి, మా దగ్గరున్న ఒకే ఒక్క అదనపు వైపర్ మోటారు తీసి చెవి దగ్గర తిప్పి చూస్తున్నారు. దాన్ని తీసుకెళ్ళి స్వప్న చేతిలో పెట్టారు. ఆ పిల్ల కళ్ళు నిండాయి, దండం పెట్టబోయింది.

"దండం గిండం వద్దు బిడ్డా" అన్నారు సార్, చుట్టూ వినపడేట్టు. "మీరు ఆడకపోతే మేం ఇంటికి పోవుడే. మా అవసరం కొద్దీ ఇస్తున్న. జల్ది బిగించి పది పాయింట్లు చేయుండ్రి. పదకొండు చేసినా మాకు ఫికర్ లేదు."

శ్రీకాంత్ స్పానర్ తీసుకుని వాళ్ళకు సాయంగా పోయాడు. నాలుగు నిమిషాల్లో రోబో కదిలింది. దీన్నే ఇప్పుడు అందరూ కరుణ అంటున్నారు. ఆయన నోటితో ఆయన చెప్పారు, అవసరమని. ఒక్కరూ వినలేదు.

ఇక మ్యాచ్. దీన్ని నేను సాగదీయను, నాకే చెప్పడం కష్టం. అంతకు ముందు మ్యాచ్‌లో, మా పద్దెనిమిదీ అయ్యాక, ఎదుటివాళ్ళ డబ్బాలో నేను రెండు బంతులు వేసినప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. ఈ అమ్మాయిలకైతే ఇంకా గట్టిగా కొడతారనిపించింది. బెల్లు కొట్టగానే నేను చేసిన మొదటి పని, ఒక బంతి పట్టుకెళ్ళి స్వప్న వాళ్ళ డబ్బాలో వెయ్యడం. చప్పట్లు. ఇంకొకటి. ఇంకా చప్పట్లు. "మనయి! మనయి ముందు!" అని సార్ గొంతు వినిపిస్తూనే ఉంది. విన్నాను. విననట్టు ఇంకో ఆరు వేశాను. మొత్తం ఎనిమిది.

అప్పుడు తల తిప్పి చూస్తే, మేమిచ్చిన మోటారుతో స్వప్న రోబో దూసుకుపోతోంది. పాలిటెక్నిక్ వాళ్ళను నేను అంత తక్కువ అంచనా వేశాను. నేను గాభరాగా మా డబ్బా నింపడం మొదలుపెట్టాను. పదిహేను దాకా వచ్చాను. నల్ల బంతి పట్టకారులో ఉంది, డబ్బా పైన ఉంది, బటన్ నొక్కాలి. బెల్లు కొట్టింది. ఆ తర్వాత నొక్కాను. బంతి పడింది.

బెల్లు మోగాక పడిన బంతి చెల్లదు. కానీ రిఫరీ ఆ సమయంలో అవతలి డబ్బా వైపు చూస్తున్నాడు. వచ్చి లెక్కపెట్టి, మాకు పద్దెనిమిది, వాళ్ళకు పదిహేడు అన్నాడు. మావాళ్ళంతా ఎగిరి గంతేశారు. మేము ఫైనల్లో ఉన్నాం.

సార్ గంతెయ్యలేదు. నా పక్కకు వచ్చి, మెల్లగా అడిగారు.

"డ్రైవరమ్మా, నల్ల బంతి బెల్లుకు ముందు వడ్డదా, ఎన్క వడ్డదా?"

"ముందే సార్" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నేను అప్పుడే చెప్పేసేదాన్నేమో. తర్వాత రిఫరీ బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి, "మాది పదిహేనే. నల్ల బంతి బెల్లు ఎన్క వడ్డది, నేను జూసిన" అన్నారు. రిఫరీ, మీ అమ్మాయి ఏమంటోందని అడిగాడు. సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆమె నిగ మిషిన్ మీద ఉండె. బెల్లు ఇనలే" అన్నారు. పదిహేడు, పదిహేను. పాలిటెక్నిక్ గెలిచింది. మేము ఇంటికి.

డైరెక్టర్ గారు మమ్మల్ని బయట వరండాలో నిలబెట్టారు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"ఉన్న ఒక్క మోటారూ వాళ్ళకిచ్చారు, సరే. మన పాయింట్లు కాకముందే వాళ్ళ డబ్బాలో బంతులు వెయ్యమని ఈ అమ్మాయికి చెప్పిందెవరండీ?"

"నేనే" అన్నారు సార్.

"రిఫరీ మనకిచ్చేశాక వెళ్ళి కాదన్నదెవరు?"

"నేనే."

రెండుసార్లూ ఒకే గొంతు. మొదటిది అబద్ధం, రెండోది నిజం. నేను పక్కనే ఉన్నాను. రిమోట్ నా చేతిలోనే ఉంది, వైరు నేల మీదికి వేలాడుతోంది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఎవరూ చూడకపోయినా తన ఫౌల్ తానే చెప్పుకునే మనిషి, అందరూ చూస్తుండగా నా ఫౌల్ కూడా తన పేరున వేసుకున్నారు. నేను వేయనిచ్చాను. సోమవారం మేము ల్యాబ్‌కి వెళ్ళేసరికి ఆయన లేరు. ఇక రావద్దని చెప్పేశారట.

ఇప్పుడు అసలు తమాషా వినండి. కొన్నేళ్ళు గడిచాక లోకంలో 'విలువల'కు గిరాకీ వచ్చింది. డైరెక్టర్ గారి ఇన్‌స్టిట్యూట్ పెరిగి కాలేజీ అయింది. ఆ కాలేజీ పుస్తకంలో మొదటి పేజీలోనే ఒక కథ వేశారు. తమ దగ్గర పనిచేసిన ఒక గురువు, ప్రత్యర్థులకు మోటారు దానమిచ్చి, చేతికొచ్చిన గెలుపును వదులుకుని, చిరునవ్వుతో ఓటమిని స్వీకరించాడట. దేనికైతే ఉద్యోగం తీసేశారో దాన్నే అచ్చు వేయించుకున్నారు. తీసేసిన సంగతి మాత్రం అచ్చులో లేదు.

నాకు ఉద్యోగం వచ్చాక ఒక ఆదివారం స్వీట్ల డబ్బా పట్టుకుని బల్కంపేట వెళ్ళాను. ఎల్లమ్మ గుడి వెనక సందులో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నారు. రాగి తీగ చుడుతూ, "రా డ్రైవరమ్మా, కూసో" అన్నారు, నిన్ననే కలిసినట్టు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"సార్, ఆ రోజు బంతి..."

"ఎర్కే. నువ్వు నాకు అబద్ధం చెప్పినవ్, రిఫరీకి చెప్పలే. నాకు చెప్పింది నేను జూస్కుంట." తీగ చుట్టడం ఆపారు. ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది ఆయనకు. "గాని గొక్కటి చెప్పు. మనయి పద్దెనిమిది కాకముందుకే వాళ్ళ డబ్బ దిక్కు ఎందుకు పోయినవ్?"

"చప్పట్లు కొట్టారు సార్."

"చప్పట్లకు ఎన్ని పాయింట్లు?"

"లేవు సార్."

"రూల్ బుక్కుల యాడన్న ఉన్నదా?"

"లేదు సార్."

"మరి?"

స్వీట్ల డబ్బా ఆయన ముందు పెట్టాను. ఆయన అప్పుడు నవ్వారు. మీరెందుకు 'నేనే' అన్నారని అడిగితే, "జట్టు గెలిస్తే పిల్లలది, పోతే కోచ్‌ది. గిది నా రూలు" అన్నారు. వెళ్ళి డైరెక్టర్ గారికి నిజం చెప్పేస్తానన్నాను. "ఎందుకు? మళ్ళ నౌకరి ఇస్తడా? ఇచ్చినా నేను పోతనా?" అని మళ్ళీ తీగ అందుకున్నారు.

ఆ మాటను నేను సెలవు చీటీలా దాచుకున్నాను. ఆయనే వద్దన్నారు కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాను. పండక్కి ఫోన్ చేసేదాన్ని, మా పాపను తీసుకెళ్ళి చూపించాను, ఇంట్లో మిక్సీ పాడైతే ఆయన దగ్గరికే పంపాను. చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు. ఆయన వద్దన్నది తన నౌకరీ కోసం. తన పేరు కోసం వద్దనలేదు. ఆ తేడా నాకు తెలియక కాదు.

గడిచిన ఆదివారం పంజగుట్టలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో సంస్మరణ సభ పెట్టారు. ఖర్చంతా డైరెక్టర్ గారే పెట్టుకున్నారని మైకులో మూడుసార్లు చెప్పారు. వేదిక వెనక గోడ నిండా పెద్ద ఫ్లెక్సీ. సార్ ఫోటో, దాని పక్కన అంతకంటే పెద్దగా కాలేజీ బొమ్మ, కింద 'ఓటమిలోనూ నవ్విన గురువు' అని ఎర్రటి అక్షరాలు. ముందు వరసలో సార్ భార్య కూర్చున్నారు. మేమంతా అమ్మా అనే పిలుస్తాం. డైరెక్టర్ గారు మోటారు కథ చెప్పారు. ఆయన గొంతు సరిగ్గా ఎక్కడ బొంగురు పోవాలో అక్కడ బొంగురు పోయింది. తర్వాత పాత విద్యార్థుల తరఫున నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు.

నేను మాట్లాడాను. రెండు నిమిషాలు కాదు. పైన మీరు చదివిందంతా చెప్పాను. చప్పట్ల సంగతి, ఎనిమిది బంతుల సంగతి, బెల్లు సంగతి, 'ముందే సార్' అన్న నా అబద్ధం సంగతి. "ఆ మ్యాచ్ ఓడించింది నేను. ఆయన వేసిన లెక్క ప్రకారం ఆడి ఉంటే గెలిచేవాళ్ళం. ఆయన దానకర్ణుడు కాదు, ఓటమికి నవ్విన మనిషి అసలే కాదు. రూల్ బుక్ చివరి పేజీ దాకా చదివి, గెలవడానికి వచ్చిన మనిషి. గెలవడానికి వచ్చి కూడా, చెల్లని బంతిని చెల్లదన్న మనిషి. ఈ రెండూ ఒకే మనిషని మీరు ఒప్పుకోవాలి" అన్నాను.

డైరెక్టర్ గారు మైకు అందుకోబోయారు. "ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా, ఇది సందర్భం కాదు కదా" అన్నారు.

"ఇదే సందర్భమండి. ఆయన్ని ఆ రోజు ఉద్యోగంలోంచి తీసేసింది మీరు. అది కూడా ఈ మైకులోనే చెప్పండి" అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. ముందు గుర్తుపట్టలేదు. "నా పేరు స్వప్న. గా పాలిటెక్నిక్ జట్టు కెప్టెన్‌ను. ఇప్పుడు అదే పాలిటెక్నిక్‌ల పాఠాలు చెప్తున్న" అంది. "మా పదిహేడుల ఎనిమిది ఆమె ఏసినయే. తొమ్మిది మావి. గాని దయచేసి దానమని ఇంకోసారి అనకుండ్రి. మేం ముష్టి తీస్కోలే. సార్ మమ్మల్ని ఆడుమని అడిగిండు, మేం ఆడినం."

అమ్మ మెల్లగా కుర్చీలోంచి లేచారు. నన్ను తిట్టడానికే వస్తున్నారనుకున్నాను. ఆ హక్కు ఆమెకుంది, తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నా భుజం పట్టుకుని వేదిక ఎక్కి, "మా ఇంట్ల నాకెర్కే బిడ్డా. ఎవలన్న ఒక్కలు బయట చెప్తరేమోనని ఇన్నేండ్ల సంది జూస్తున్న" అన్నారు.

తర్వాత ఆమె ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళి, కిటికీ ఊచకు కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టారు. ముడి బిగుసుకుపోయి ఉంది. ఆమె తొందరపడలేదు. రెండో కొస దగ్గరికి స్వప్న వెళ్ళింది. ఫ్లెక్సీ ఒక పక్కకు వాలి, జారి, వేదిక మీద కుప్పగా పడింది. అమ్మ దాన్ని చీర మడతపెట్టినట్టు అంచుకు అంచు కలిపి, అక్షరాలు లోపలికి పోయేట్టు మడిచారు. ఆ మడతను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని, మళ్ళీ ముందు వరసలో నిటారుగా కూర్చున్నారు.